వసుధ మొహాన అమ్మవారు

కుప్పంలో ఆ పెళ్ళికి పోకపోయి ఉంటే వసుధ ఇంత పని చేసేది కాదు. ఆ మాట ఆమె తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది.

పెళ్ళి ఆమె భర్త మునిచంద్ర స్నేహితుడి కూతురిది. భోజనాలయ్యాక మండపం గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ అందరికీ తాంబూలం సంచులు ఇస్తూ ఉంది. వసుధ చేతిలో ఒక సంచి పెట్టి, వెనక నిలబడిన మునిచంద్రను చూసి, "మీ తమ్మునికి గూడా ఒగటి తీసుకోమ్మా, సిగ్గుపడి ఎనకాలే నిలబడుకోనుండాడు" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. మునిచంద్ర కూడా నవ్వాడు. నవ్వి ఊరుకుంటే అక్కడికి సరిపోయేది. తిరుగు బస్సు పలమనేరు దాటాక, "అక్కా, కిటికీ ఎయ్యి, గాలి కొడతాంది" అన్నాడు. ముందు సీట్లో వాళ్ళ ఊరివాళ్ళు ఉన్నారు. వాళ్ళూ నవ్వారు. వసుధ కిటికీ వేసి పుంగనూరు వచ్చేదాకా దానికేసే చూస్తూ కూర్చుంది. బయట చీకటి పడుతుంటే అద్దంలో ఆమె మొహమే కనపడసాగింది.

ఆ మాట అబద్ధమైతే ఇంత గుచ్చుకునేది కాదు. ఆమె అతనికంటే రెండేళ్ళు పెద్దది. మునిచంద్ర తల్లి ఆదెమ్మ, వసుధ తండ్రికి చెల్లెలు. అన్న భూమీ తమ భూమీ గట్టు పక్క గట్టు. అది బయటికి పోకూడదని ఆదెమ్మ పట్టుబట్టి మేనకోడలినే కోడలిగా తెచ్చుకుంది. జాతకంలో వసుధ పుట్టిన ఏడాది దిద్దించింది కూడా ఆమే. ఆ రెండేళ్ళూ చాలా కాలం ఎవరికీ కనపడలేదు. మునిచంద్రకు పాల కేంద్రంలో నీడపట్టున పని. వసుధకు టమోటా తోటలో పని. ఎండ ఎవరినెంత తాకాలో అంత తాకింది. నలభై రెండేళ్ళకే వసుధ కళ్ళ మూలల్లో ముడతలు విసనకర్రలా విచ్చుకున్నాయి. నుదుటి మీద గీతలు ఎంత లోతుగా పడ్డాయంటే పెట్టుకున్న బొట్టు మధ్యాహ్నానికల్లా మడతలోకి దిగిపోయేది.

మదనపల్లెలో ఉండే పిన్నమ్మ కూతురు సుష్మకు ఈ సంగతంతా చెప్పింది. సుష్మ అక్కడొక బ్యూటీ పార్లర్లో పనిచేస్తుంది.

"దీనికి క్రీములు పనికిరావు అక్కా. చర్మం డాక్టరు దగ్గరికి నెలకొక ఆదివారం బెంగుళూరు నుంచి లేజరు మిషన్ వస్తాంది. మా పార్లర్‌కొచ్చే ఒక టీచరమ్మ చేయించుకునింది. ఇప్పుడు కూతురి పక్కన నిలబడితే అక్కాచెల్లెండ్ల మాదిరుండారు."

ఆ డాక్టరు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. వసుధ మొహాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ మిషన్లు మొదట చేసింది తెల్లవాళ్ళ చర్మానికమ్మా. మన చర్మంలో రంగు ఎక్కువ. వేడి తగిలితే ఆ రంగు ఇంకా ఊరుతుంది. ముడత పోతుంది, ఆ చోట నల్లటి మచ్చ రావచ్చు. అందుకే నేను తక్కువే పెడతాను. నెలరోజులు ముందు ఈ క్రీము రాయాలి. చేశాక ఎండ మొహం చూడకూడదు. ఆయింట్‌మెంట్ తప్ప ఏమీ రాయకూడదు. ముఖ్యంగా పసుపు. మనవాళ్ళు దెబ్బ తగిలినా పసుపే, అందానికీ పసుపే. పచ్చి చర్మం మీద అది పెడితే నా దగ్గరికి రావద్దు."

వసుధ అన్నిటికీ తలూపింది. క్రీము కొన్నాళ్ళు రాసింది. ఆ తర్వాత టమోటా కోతలు మొదలై, తోటలోనే పొద్దు పోయి, ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు. డాక్టరు అడిగినప్పుడు మాత్రం రాశానంది.

ఇంట్లో చెప్పిన మాట వేరు. సుష్మకు ఒంట్లో బాగలేదని, వంటకు తోడుగా పది రోజులు ఉండి వస్తానని చెప్పింది. కూతురు శాలిని తిరుపతిలో హాస్టల్లో ఉంది కాబట్టి అడిగేవాళ్ళు తక్కువ. "పోయిరామ్మే, నేను వండతాలే, నా చేతి కూడు తిని వాడు సచ్చిపోడు" అని ఆదెమ్మే సంచి సర్ది పంపింది.

ఆదివారం నాడు వసుధ కళ్ళ మీద ఇనుప మూతలు పెట్టారు. మొద్దుబారడానికి ఏదో పూశారు. ఆ తర్వాత కాగిన నూనెలో ఆవాలు చిట్లినట్టు నుదుటి మీద చిటపటమంది. కోడిని నిప్పుల మీద కాల్చేటప్పుడు వచ్చే వాసన వచ్చింది. అది తన వాసనేనని తెలియడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. నుదురు, కళ్ళ పక్కలు, నోటి చుట్టూ. అంతే. లేచి కూర్చున్నాక కన్నీళ్ళు వచ్చాయి గానీ అవి చెంపల మీదికి జారితే మంట పెడతాయని ఆపుకుంది.

సుష్మ ఉండే ఇల్లు నాలుగు వాటాల ఇల్లు. అందరికీ కలిపి ఒకటే కొళాయి. రెండు రోజులు వసుధ గదిలోంచి బయటికి రాలేదు. మూడో రోజు, సుష్మ పార్లర్‌కు పోయాక, నీళ్ళు నిండుకుంటే చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కొళాయి దగ్గరికి పోయింది. వంగినప్పుడు కొంగు జారింది. ఎదురుగా ఇంటి ఓనరు రత్నమ్మ.

మొహమంతా ఉబ్బి, ఎర్రగా రసి కారుతూ, అక్కడక్కడ పక్కు కట్టి ఉంది. రత్నమ్మ చేతిలో బిందె కింద పెట్టేసి, రెండడుగులు వెనక్కి వేసి, దండం పెట్టింది.

"అమ్మవారు పోసిందే నీకు! ఎప్పటినుంచే? నా మనవండ్లు ఈ కొళాయి కాడే ఆడుకుంటారు గదే తల్లీ!"

వసుధ నోరు తెరిచింది. "కాదక్కా, ఇది..." అంది. ముడతలకు మొహం కాల్పించుకున్నానని ఎలా చెప్పడం? అదీ రత్నమ్మతో? సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది, వారం తిరిగేలోపు బస్సెక్కి పుంగనూరు వస్తుంది.

రత్నమ్మ ఆలస్యం చేయలేదు. సుష్మ పార్లర్ నుంచి రాగానే నంబరు తీసుకుని పాల కేంద్రానికి తానే ఫోన్ చేసింది. సుష్మ, "అక్కా, నేను నిజం చెప్పేస్తా" అంటే వసుధ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దే. నీకు పుణ్యముంటాది."

మునిచంద్ర తెలిసినవాళ్ళ జీపు తీసుకుని వచ్చాడు. గది గుమ్మంలో నిలబడి భార్య మొహం చూశాడు. అతని మొహంలో రంగు పోయింది. చెప్పులు బయట వదిలేసి, రెండు చేతులూ జోడించి, "తల్లీ, ఇంటికి పోదాం రా" అన్నాడు.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. కానీ అతను నవ్వడం లేదు. ఎన్నాళ్ళకో ఆమె మొహం చూసి అతను నవ్వకుండా నిలబడ్డాడు. వసుధ లేచి జీపు ఎక్కింది.

*

ఆదెమ్మ మొహం నిండా పెద్దమ్మవారి గుంటలు, మశూచి మచ్చలు. వసుధ పుట్టక ముందు సంగతి. మునిచంద్రకు ముందు ఆదెమ్మకు ఇంకో కొడుకు ఉండేవాడు. ఊళ్ళోకి పెద్దమ్మవారు వచ్చినప్పుడు తల్లీబిడ్డలిద్దరికీ పోసింది. ఎవరో చెప్పారని ఆదెమ్మ బిడ్డను ఎద్దుల బండిలో పుంగనూరు తీసుకుపోయి సూది వేయించింది. అప్పటికే చెయ్యి దాటిపోయిన బిడ్డ. తిరుగుదారిలో, బండిలోనే పోయాడు. "అమ్మ ఇంట్లో ఉండంగా సూది ఏపిస్తిని. అలిగి ఎత్తుకోని పాయె" అని ఆదెమ్మ అంటుంది. ఏడుస్తూ చెప్పదు. తన మొహం మీది గుంటల గురించి చెప్పినంత మామూలుగా చెబుతుంది. ఏటా గంగమ్మకు అంబలి పోసి, "శాంతించు తల్లీ" అని మొక్కుకుంటుంది.

జీపు ఇంటి ముందు ఆగేసరికి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. ఆదెమ్మ నట్టింట్లో పసుపు నీళ్ళ చెంబుతో నిలబడి ఉంది. చక్కెర జబ్బు వల్ల ఆమెకు చూపు మందం. వసుధ దగ్గరికి వచ్చేదాకా ఆగి, మొహంలో మొహం పెట్టి చూసి, "వచ్చినావా తల్లీ" అంది. వసుధతో కాదు. ఆ గొంతు వసుధ ఎప్పుడూ వినలేదు. పుట్టింటికి వచ్చిన కూతుర్ని పిలిచేటప్పుడు అలా ఉంటుందేమో.

అప్పటినుంచి ఆ ఇంట్లో తాళింపు వేయలేదు. చీపురు చప్పుడు లేదు. వసుధ వేపాకు పరిచిన చాప మీద పడుకుంది. రాగి అంబలి, మజ్జిగ, టెంకాయ నీళ్ళు. పొద్దునా సాయంత్రం ఆదెమ్మ వేపాకూ పసుపూ మెత్తగా నూరి తెచ్చి, వేళ్ళ కొనలతో, నొప్పి తెలియకుండా, మొహమంతా పూసేది.

నొప్పి తెలియకుండా ఎలా ఉంటుంది? పచ్చి పుండు మీద పసుపు. వసుధ పళ్ళు బిగించి చాప అంచు పట్టుకునేది. డాక్టరిచ్చిన ఆయింట్‌మెంట్ సంచి అడుగున చీరల మడతల్లో ఉంది. రాసుకుందామంటే ఆదెమ్మ పక్కన లేని గడియ లేదు. "మండతాందా తల్లీ? సల్లబడు, సల్లబడు" అని ఆమె వేపకొమ్మతో విసురుతూ కూర్చునేది. పసుపు రాయవద్దంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే అన్నీ చెప్పాలి. ఇంకొక్క రోజు, పక్కులు రాలేదాకా, అనుకుంటూ వసుధ పడుకునేది.

చూడ్డానికి ఊరి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. గుమ్మం బయట నుంచే దండం పెట్టి పోయేవాళ్ళు. పక్కింటి మునిలక్ష్మి మాత్రం రోజూ వచ్చి కొంచెం లోపలికి జరిగేది. ఒకరోజు ఆదెమ్మ పెరట్లో ఉన్నప్పుడు చూసి, గుసగుసగా అడిగింది.

"తల్లీ, కోప్పడొద్దు. టమోటా ఇప్పుడే కోసి మార్కెట్‌కు ఏసేదా, ఇంకో వారం ఆగేదా? రేటు లేస్తాదా?"

వసుధకు నవ్వొచ్చింది. నవ్వితే నోటి పక్కన పక్కు చిట్లి నెత్తురొచ్చింది. మునిలక్ష్మి అది చూసి, "ఆగమంటాండాది, ఆగమంటాండాది" అనుకుంటూ పరుగున పోయింది.

ఆ మాట ఊళ్ళో చెప్పుకుని నవ్వుకోవడానికి బాగుంటుందని వసుధ అనుకుంది. అంతలో పెరట్లో ఏదో పడిన చప్పుడైంది. తలుపు సందులోంచి చూస్తే ఆదెమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. చేతిలో చెంబు లేదు. అది రాయి మీద దొర్లుతూ ఉంది.

"కండ్లు తిరిగినాయిలే" అంది ఆదెమ్మ, ఎవరూ అడగకుండానే.

ఆ రోజు నుంచి వసుధ కనిపెట్టి చూడసాగింది. ఆదెమ్మ కడవెడు నీళ్ళు తాగుతోంది. అంబలి గిన్నెలో పోయబోయి పక్కన పోస్తోంది. ఒక్కోసారి మాట ముద్దగా వస్తోంది. స్నానాల గది గుమ్మంలో చీమలు బారులు కట్టి ఉన్నాయి. ఆదెమ్మ మాత్రల సంచి ఎప్పుడూ దేవుడి గూటి పక్కన మేకుకు తగిలించి ఉంటుంది. మేకు ఉంది, సంచి లేదు.

సాయంత్రం మునిచంద్ర గుమ్మం దగ్గర కూర్చున్నప్పుడు వసుధ అడిగింది.

"అత్త మాత్రలు మింగతాందా?"

"యాడ మింగతాది? నువ్వొచ్చిన పొద్దే సంచి తీసుకపోయి మునిలక్ష్మోళ్ళ ఇంట్లో పెట్టేసింది. అమ్మోరు ఇంట్లో ఉండంగా ఇంగ్లీషు మందు గడప లోపల ఉండకూడదంట."

"చక్కెరకూ వద్దా? బీపీకీ వద్దా? నువ్వు చెప్పకూడదా?"

"చెప్పలేదనుకున్నావా? ఒకసారి మందు నమ్మి బిడ్డను పోగొట్టుకుంటి, మళ్ళీ నా చేత ఆ పని చేయిస్తావా అని అరిచింది. నా మాట యాడ వింటాది వసూ?" అతను తల గోక్కున్నాడు. "నీలో ఉండే అమ్మ చెబితే వింటాదేమో."

అతను ఆ మాట విసుగుతో అన్నాడు. వసుధకు మాత్రం ఆ రాత్రంతా అదే చెవిలో ఉంది. నిజం చెప్పకుండానే ఆదెమ్మ చేత మాత్ర మింగించవచ్చు. ఇన్ని అబద్ధాలు ఆడింది తన మొహం కోసం. ఇదొక్కటి ఆమె కోసం.

పొద్దున ఆదెమ్మ పసుపు గిన్నెతో వచ్చి కూర్చుంది. వసుధ కళ్ళు మూసుకుంది. ఊపిరి గట్టిగా తీసి వదిలింది. గొంతు బరువు చేసుకుని, పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా పలకని పేరు పలికింది.

"ఆదెమ్మా."

గిన్నె కింద పడింది.

"మాత్ర మింగు ఆదెమ్మా. నాకు కోపం లేదు."

తర్వాత తన పాదాల మీద తడి తగిలింది. వసుధ కళ్ళు తెరిచింది. ఆదెమ్మ ఆమె కాళ్ళ మీద తల పెట్టి ఉంది. నెరిసిన జుట్టు వసుధ మడమల మీద పరుచుకుని ఉంది. అత్త. తండ్రి తోడబుట్టింది. చిన్నప్పుడు తనకు నూనె రాసి జడలేసిన మనిషి.

"కోపం లేదన్నావా తల్లీ? నా బిడ్డను ఎత్తుకోనిపోయినాక ఇన్నేండ్లకు నా పేరు పెట్టి పిలిస్తివా? నాకింగ ఏం కావాల?"

"మాత్ర..." అంది వసుధ.

ఆదెమ్మ తల ఎత్తింది. గుంటల మొహమంతా తడి. దాని మీద ఒక నవ్వు. "పరీక్ష పెడతాండావు. నాకు తెల్దనుకున్నావా? ఒకసారి తప్పు చేస్తి. రెండోసారి చేస్తానా? నేను మింగను తల్లీ. శుక్రవారం నీళ్ళ కడవెత్తి, చెప్పుల్లేకుండా నీ గుడికొచ్చి పోస్తాను. ఆ పొద్దు దాకా పచ్చి మంచినీళ్ళే."

*

శుక్రవారం పొద్దెక్కేసరికి ఇంటి ముందు ఆడవాళ్ళు చేరారు. పలకవాడు డప్పు తోలు బిగియడానికి మంట వేసి పలక కాచుకుంటున్నాడు. గంగమ్మ గుడి ఊరికి మైలు దూరం, దారిలో ఒక్క చెట్టు లేదు. ఎండాకాలం.

మునిచంద్ర తల్లి వెనకాలే తిరుగుతున్నాడు. "అమ్మా, జీపు తెస్తా. గుడి కాడ దిగి నాలుగడుగులు నడువు" అంటున్నాడు. ఆదెమ్మ వినడం లేదు. తడి చీర, నడుముకు వేపమండలు. కడవ తలకెత్తుకోబోతే చేతులు వణికి పసుపు నీళ్ళు మొహం మీద ఒలికాయి. మునిలక్ష్మి వచ్చి పట్టుకుంది.

"పెద్దమ్మా, రెండు దినాలుగా ఏమీ తినలేదు, పోగలవా?"

"నన్ను పేరు పెట్టి పిలిచిందే అమ్మ" అంది ఆదెమ్మ. ఆ మాట పొద్దుటినుంచి అందరికీ చెబుతూనే ఉంది. "పేరు పెట్టి పిలిచినాక కాళ్ళు అవే పోతాయి."

అని ఒక అడుగు వేసి పక్కకు తూలింది. కడవ మళ్ళీ ఒలికింది. ఆడవాళ్ళు గంగమ్మ పేరున కేకలు పెట్టారు. పూనకం అనుకున్నారు.

వసుధ చాప మీద లేచి కూర్చుని ఇదంతా వింటూ ఉంది. తలుపు అవతల తెల్లటి ఎండ. ఆ ఎండలోకి పోకూడదని డాక్టరు చెప్పాడు. ఆ ఎండలోకి పోతే ఊరంతా చూస్తుంది. మరో గడియ ఆగితే ఆదెమ్మ వీధి మలుపు తిరుగుతుంది, ఆ పైన ఆమెను ఎవరూ ఆపలేరు.

ఆమె లేచి, గుమ్మానికి కట్టిన వేపమండలు పక్కకు తోసి, బయటికి వచ్చింది.

పలక ఆగిపోయింది. ఆడవాళ్ళు గబగబా వెనక్కి జరిగి చేతులెత్తారు.

"అత్తా, కడవ దించు. ఇది అమ్మోరు కాదు."

వసుధ ఇంకో అడుగు ముందుకు వేసింది.

"నేనే చేయించుకున్నా. మదనపల్లెలో. మొగం మీద ముడతలు పోతాయని లేజరు పెట్టించుకున్నా. అది కాలిన పుండు. అమ్మోరు కాదు అత్తా. నీ మాత్రలు నువ్వు మింగు."

"జొరం తలకెక్కింది పాపం" అంది ఒకామె.

"అమ్మ ఆడిస్తాండాది. ఇంకా ఏమేం పరీక్షలు పెడతాదో" అంది ఇంకొకామె.

ఆదెమ్మ కడవ కింద నుంచే, "లోపలికి పో తల్లీ, ఎండ తగులతాది" అంది మెల్లగా.

వసుధకు దుఃఖం పొంగింది. నిజం చెప్పడానికి ఇన్ని రోజులు భయపడింది, చెబితే నమ్మరని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆమె అత్త దగ్గరికి పోయి, రవికె చెయ్యి పైకి లాగి చూపించింది. మెడ చూపించింది. కడుపు మీది చీర పక్కకు తీసింది.

"ఒక్క పొక్కు చూపించు అత్తా. ఒంటి మీద యాడన్నా ఒక్కటి. నీకు పోసినప్పుడు మొగం మీద మాత్రమే పోసిందా? అరిచేతుల్లో రాలేదా, కాళ్ళకు రాలేదా? చూడు. ఈడ నుంచి ఈడకు గీత గీసినట్టు ఉండాది. తాకి చూడు."

ఆమె ఆదెమ్మ చెయ్యి పట్టుకుని వేళ్ళను తన నుదుటి మీద పెట్టుకుంది. మందమైన చూపుకు, ఇన్నాళ్ళూ పసుపు ముద్ద మీంచి తాకిన వేళ్ళకు తెలియనిది ఇప్పుడు వట్టి వేళ్ళకు తెలిసింది. జుట్టు దగ్గర నున్నటి చర్మం. ఒక అంచు. ఆ అంచు నుంచి గరుకు. కత్తెరతో కత్తిరించినంత సరిగ్గా. ఆదెమ్మ వేళ్ళు ఆ అంచు వెంట ఈ చివర నుంచి ఆ చివరకు పోయి ఆగాయి.

మునిలక్ష్మి కడవ దించుకుంది. ఆదెమ్మ అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది.

"యాల చేసినావే?" అంది చివరికి.

"కుప్పంలో నన్ను ఆయనకు అక్కనన్నారు."

"అక్కవే గదా." ఆదెమ్మ గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. "రెండేండ్లు పెద్దదానివని నాకు తెల్దా? ఊరికి తెల్దా? దానికి మొగం కాల్చుకుంటారా?"

ఆడవాళ్ళలో ఎవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. వసుధ అనుకున్నట్టే. ఆ నవ్వు వినడానికి ఆమె ఎంత భయపడిందో, అది వచ్చాక అంత చిన్నగా ఉంది. ఎందుకంటే అప్పటికి ఆదెమ్మ కళ్ళు పైకి తేలిపోతున్నాయి.

*

పుంగనూరు ఆస్పత్రిలో చక్కెర చూసి డాక్టరమ్మ, "ఇంకో పూట ఆగి ఉంటే నా దగ్గరికి తెచ్చేపని ఉండేది కాదు" అని మునిచంద్రను తిట్టింది. అతను తలవంచుకుని తిట్లు తిన్నాడు. ఆటోలో డ్రైవరు పక్కన కూర్చుని వచ్చాడు, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఇప్పుడు వరండాలో వసుధ పక్కన నిలబడి, గోడకేసి చూస్తూ అన్నాడు.

"బస్సులో తమాషాకన్నా."

"తెలుసు."

"నాతో ఒక్క మాట చెప్పింటే..."

"చెప్పింటే నవ్వుతాంటివి."

అతను టీ తెస్తానని కిందికి పోయాడు.

మూడు రోజులకు ఆదెమ్మ లేచి కూర్చుంది. ఈలోగా వసుధ మొహం మీద పక్కులన్నీ రాలిపోయాయి. కొళాయి పైన అద్దంలో చూసుకుంది. ముడతలు నిజంగానే తగ్గాయి. వాటి చోట, నుదుట పట్టీ కట్టినట్టు, కళ్ళ చుట్టూ, నోటి చుట్టూ, బూడిద కలిసిన నలుపు. మదనపల్లె డాక్టరుకు ఫోన్ చేస్తే, పసుపు సంగతి విని, నెలలు పడుతుందన్నాడు. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేనన్నాడు.

నర్సు మాత్రలు తెచ్చి వసుధ చేతిలో పెట్టి, "మీ మొహానికి ఏమైందమ్మా, అమ్మవారా?" అని అడిగింది. వసుధ జవాబు చెప్పేలోపు మంచం మీంచి ఆదెమ్మ, "కాదు" అంది. నర్సు పోయింది.

వసుధ నీళ్ళ గ్లాసు తీసుకుని మంచం దగ్గర నిలబడింది. ఆస్పత్రికి వచ్చాక ఆదెమ్మ ఆమె మొహం చూడలేదు. వసుధ దుప్పటి సర్దబోతే కాళ్ళు దగ్గరికి లాక్కునేది. ఇప్పుడూ కిటికీ వైపే చూస్తూ ఉంది.

"ఒగటి అడగతా. నిజం చెప్పు."

"అడుగు అత్తా."

"ఆ పొద్దు నన్ను పేరు పెట్టి పిలిచింది. కోపం లేదనింది." ఆదెమ్మ ఆగింది. "అది గూడా నువ్వేనా?"

కాదు అనడం ఎంత తేలికో ఆమెకు తెలుసు. నాకు గుర్తులేదు అత్తా, ఎవరో పలికినట్టుంది అంటే చాలు. ఈ మనిషి బతికినన్నాళ్ళు ఆ మాట పట్టుకుని నిద్రపోతుంది. మళ్ళీ ఎప్పుడైనా ఇంట్లో ఎవరికైనా పొక్కు లేస్తే, మళ్ళీ మాత్రలు పక్కింటికి పంపేస్తుంది.

"నేనే అత్తా."

వార్డులో ఎవరో బిడ్డకు జోల పాడుతున్నారు. బయట కలికిరి బస్సువాడు కేకలు వేస్తున్నాడు.

"మాత్ర మింగాలని చెప్పినా. నిజం చెప్పే ధైర్యం లేక అట్ల చెప్పినా."

"గొంతు బాగా పెట్టినావే" అంది ఆదెమ్మ. పెదవి ఒక పక్కకు వంగింది. నవ్వో ఏడుపో తెలియలేదు. "నేను వానితో గూడా చెప్పుకున్నా. సచ్చిపోయిన నా బిడ్డతో. అమ్మకు కోపం పోయిందంట నాయనా అని."

ఆదెమ్మ కిటికీ వైపు నుంచి తల తిప్పకుండానే చెయ్యి చాపింది. వసుధ ఆ అరచేతిలో మాత్ర పెట్టింది. ఆదెమ్మ దాన్ని వేలితో ఒకసారి తడిమి, నోట్లో వేసుకుని, గ్లాసు అందుకుని తాగింది. గుటక దిగడం ఆమె గొంతు మీద కనిపించింది.

"మింగినా" అంది. "ఇంగ కాసేపు బయట ఉండు పో."

వసుధ గ్లాసు తీసుకుని వరండాలోకి వచ్చింది. ఎండ బెంచీ దాకా పాకి ఉంది. కొంగు మొహానికి కప్పుకుని, గోడవారన నీడ మిగిలిన చోటు చూసి కూర్చుంది. లోపల్నుంచి ఏడుపు వినపడుతుందేమోనని చెవి పెట్టింది. వినపడలేదు. ఆదెమ్మ పక్కకు తిరిగి పడుకున్నట్టుంది, మంచం ఇనుప కాలు నేల మీద కీచుమంది.